సబ్బు లెక్క

కములి రోడ్డు పక్కన రెండు గదుల కొట్టు నాది.
ముందు గదిలో ఉప్పు, చక్కెర, కిరసనాయిలు,
చేయి పొడుగు నీలిరంగు సబ్బు కడ్డీలు.
వెనక గదిలో నేనూ, నా కూతురూ,
పన్నెండుమంది ఆడవాళ్ళ పొదుపు పెట్టె.
పెట్టెకు మూడు తాళాలు. ఒక చెవి నా మెడలో,
ఇంకోటి నాంగోబి దగ్గర.

కౌన్సిల్‌కి నిలబడతానని నాంగోబి అన్నప్పుడు
ముందు నవ్వాం. తర్వాత లెక్క రాశాం.
ఫీజు. పోస్టర్లు. మైకు అద్దె,
మైకు బ్యాటరీకి అద్దె వేరే.
ఊరేగింపుకి ముప్పై మోటారు సైకిళ్ళు, బండికి రెండు లీటర్లు
(తాగింది బళ్ళు కాదని తర్వాత తెలిసింది).
చావింటికి వెళితే కవరు ఇవ్వాలి,
వెళ్ళకపోతే పొగరంటారు.
ఆ నెల్లో మా వార్డులో తొమ్మిదిమంది పోయారు,
మృత్యువు కూడా అవతలి పార్టీయే అన్నట్టు.

బ్యాంకు మేనేజరు మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు.
భూమి కాగితం ఉందా అన్నాడు.
ఇరవై రెండేళ్ళు ఆ భూమిని తవ్వింది నాంగోబి.
కాగితం మీద ఉన్నది ఆమె మరిది పేరు.
అరచేతుల్లో కాయలను ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు.

ఆమె మీద నిలబడ్డవాడు కిరుండ, చెరుకు లారీలాయన.
పొలం మీద ఒక అప్పు, లారీ మీద ఇంకొకటి,
గెలిచాక చూసుకుందాంలే అన్న మాట మీద మూడోది.
"వాడు ఓడిపోతాడన్నా అప్పు పుడుతుంది," అంది నాంగోబి,
దారం కొరికి తెంపుతూ.

చక్కెర మిల్లు కాంట్రాక్టరు కబురు పెట్టాడు, సాయం చేస్తానని.
జింజాలో హోటలు. సాయంత్రం ఏడు. ఒక్కదానివే రా.
వెళ్ళింది.
మేం నలుగురం వెంట, చంకల్లో ఇద్దరు పిల్లలు.
ఆయన ఖర్చు మీద అయిదు సోడాలు తాగాం.
సీసాలు లెక్కపెట్టుకుని, పార్టీ ఉత్తరం రాస్తుందన్నాడు.
ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది.

అప్పుడు కుట్టుమిషను అమ్మేసింది.
ఆ రాత్రి నా కొట్టు మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే
కుడికాలు మాత్రం నేలను తొక్కుతూనే ఉంది.

పోలింగ్ ముందురోజు చీకటి పడ్డాక
కిరుండ మనుషులు వచ్చారు నా కొట్టుకి.
ఉన్న సబ్బంతా కావాలన్నారు.
రొక్కం. బేరం లేదు.
ఆరు పెట్టెలు అమ్మాను.
నా కూతురు తీగతో కోసింది ఒక్కొక్క కడ్డీనీ
సరిగ్గా మధ్యకి. ఓటుకి అరకడ్డీ.
అంత లాభం ఆ ఏడాది ఏ రోజూ లేదు.
అందులోంచే తీసి
నాంగోబి ఏజెంట్ల మధ్యాహ్నం భోజనానికి ఇచ్చాను.
పొదుపు పుస్తకంలో "విరాళం" అని రాశాను, అందమైన అక్షరాలతో.

నలభై మూడు ఓట్లతో పోయింది.
కొట్టుదాన్ని కదా, నిద్రపట్టక లెక్కేశాను:
ఇరవై రెండుమంది అటునుంచి ఇటు తిరిగితే చాలు.
పదకొండు కడ్డీలు.
సగం పెట్టె కూడా కాదు.

మర్నాడు వచ్చింది. వేళ్ళనిండా పోస్టర్ల జిగురు,
కర్రపెండలం గంజి, ఎండి తెల్లబడింది.
"సబ్బుందా," అంది, "లేక అంతా ఓటేసి వచ్చిందా?"
బల్ల కింద దాచిన అరకడ్డీ ఇచ్చాను.
డబ్బు వద్దన్నాను. ఇచ్చింది. చిల్లర అడిగింది.
కుళాయి దగ్గర చాలాసేపు కడుక్కుంది,
గోళ్ళ చుట్టూ ఉన్నది పోలేదు.

మంగళవారం పొదుపు రోజు. రాదనుకున్నాను.
తాళం చెవి పట్టుకుని అందరికంటే ముందే వచ్చింది.
చాప మీద కూర్చుని, అప్పుల పేజీ తర్వాత, అంది.
"ఆ ఆరు పెట్టెల సంగతి ఏ పేజీలో రాశావో
ముందు అది తియ్యి."

మెడ తడుముకున్నాను.
తాడు ఉంది, చెవీ ఉంది,
ముడే ఎంతకీ రావడం లేదు.